మూడు నెలల పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ: పెట్టిన డబ్బుకు నాకు దక్కింది ఇదీ

పెల్విక్ ఫ్లోర్ అంటే బ్లాడర్‌ను (మూత్రాశయాన్ని), గర్భసంచిని కింద నుంచి మోసే కండరాలు. తుమ్మితే మూత్రం పడుతోందని వాటికి వ్యాయామం నేర్పే చోటుకు వెళ్లా. ఐదు స్టార్లలో నాలుగు ఇస్తున్నాను. ఐదోది ఎందుకు కోసేశానో తర్వాత చెప్తా, అదో బాత్రూం తాళంచెవి కథ. క్లినిక్ పేరు మాత్రం రాయను. నేను మెచ్చుకున్నవీ ఉన్నాయి, తిట్టుకున్నవీ ఉన్నాయి, పైగా నాకు తెలిసి మా హన్మకొండలో ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ, పేరు రాస్తే ఇది ఎవరు రాశారో మా స్టాఫ్‌రూంలో సగం మంది పట్టేస్తారు.

నాకు 44 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ డెలివరీలే. చిన్నోడు 3.8 కిలోలతో పుట్టాడు, వాణ్ణి బయటికి తీయడానికి డాక్టరమ్మ ఫోర్సెప్స్ వాడాల్సి వచ్చింది. ఆ తర్వాత నుంచే అప్పుడప్పుడు తుమ్మితే ఒక చుక్క మూత్రం పడేది. అడిగితే పిల్లలు పుట్టాక అందరికీ ఉండేదేలే అన్నారు, నేనూ సరేలే అనుకున్నా. నలభై దాటాక ఆ చుక్క కాస్తా తడి అయ్యింది. తుమ్మితే, దగ్గితే, నవ్వితే, బియ్యం బస్తా పక్కకు జరిపితే, బెల్లు కొట్టాక మెట్లు గబగబా దిగితే. సుద్దముక్క దుమ్ముకు నాకు తుమ్ములు ఎక్కువ, అది ఇంకో ఖర్మ. బోర్డు మీద సమీకరణం రాస్తూ రాస్తూ తుమ్ము వచ్చేట్టుందని తెలియగానే కాళ్లు రెండూ దగ్గరికి చేర్చి, బల్లకు ఆనుకుని నిలబడేదాన్ని. పిల్లలు మేడం ఆలోచిస్తోంది అనుకునేవాళ్లు.

దీన్ని స్ట్రెస్ యూరినరీ ఇన్‌కాంటినెన్స్ అంటారు. ఇక్కడ స్ట్రెస్ అంటే మనకు తెలిసిన టెన్షన్ కాదు, దగ్గినప్పుడో బరువు ఎత్తినప్పుడో కడుపులో ఒక్కసారిగా పెరిగే ఒత్తిడి. ఆ ముక్క తెలియక నేను స్కూల్ టెన్షన్ల వల్లే ఇదంతా అనుకుని నెల రోజులు రాత్రిపూట ధ్యానం మ్యూజిక్ పెట్టుకుని పడుకున్నా. నిద్ర బాగా పట్టింది, తుమ్మితే మాత్రం షరా మామూలే.

క్లినిక్ సంగతికి వచ్చే ముందు, ఇది నా రోజునంతా ఎలా తినేసిందో కొంచెం చెప్పాలి, లేకపోతే ఇంత చిన్నదానికి అంత డబ్బెందుకు అని అడుగుతారు. అడిగారు కూడా. తడిసే బట్ట అసలు సమస్య కాదు, బట్ట మార్చుకుంటే అయిపోతుంది. తడుస్తుందేమో అన్న లెక్క ఉంది చూడండి, అది పొద్దున లేచిన దగ్గర నుంచీ నడుస్తూనే ఉంటుంది. లేత రంగు చీరలు బీరువా అడుక్కి వెళ్లిపోయాయి, ముదురు నీలం, నలుపు, మెరూన్ మాత్రమే పైన. స్కూల్లో లేడీస్ స్టాఫ్‌కు ఒకటే బాత్రూం, కాబట్టి ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర దాకా ఒక్క గ్లాసు నీళ్లు. ఏప్రిల్ ఎండలో కూడా అంతే. దాంతో రెండుసార్లు యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. హైదరాబాద్‌కు బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు బంద్. పూజగదిలోకి వెళ్లాలంటే మనసొప్పేది కాదు, తడి తగిలిన చీరతో దీపం ఎలా పెట్టేది అని ఒక్కోరోజు మూడుసార్లు స్నానం చేసిన సందర్భాలున్నాయి. ఆయన పక్కకు జరిగి పడుకుంటే ఎందుకో అని ఆయన బాధ, వాసన వస్తుందేమో అని నా బాధ, ఇద్దరం నోరు విప్పం. సద్దుల బతుకమ్మ నాడు మా గల్లీ ఆడవాళ్లంతా వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నేను మోకాళ్ల నొప్పులని అబద్ధం చెప్పి రెండేళ్లు కుర్చీలో కూర్చున్నా. రెండో ఏడాది ఒకామె జాలిపడి మోకాళ్ల నూనె సీసా కూడా తెచ్చిచ్చింది. అది ఇంకా ఇంట్లో ఉంది.

క్లినిక్‌కు వెళ్లేలోపు నేను ఎక్కడెక్కడ డబ్బు పోశానో అది కూడా రివ్యూలో భాగమే అనుకోండి.

మొదట ప్యాడ్లు. నెలసరి ప్యాడ్లే వాడేదాన్ని, షాపులో అడగడానికి మొహమాటం లేదు కాబట్టి. తప్పు. అవి రక్తానికి తయారు చేసినవి, చిక్కటి దాన్ని మెల్లగా పీల్చుకుంటాయి, మూత్రం ఒక్కసారిగా వచ్చి పడితే పక్కల నుంచి కారిపోతుంది, పైభాగం తడిగానే ఉండి తొడలు ఒరుసుకుపోయి ఎర్రగా కందిపోయేవి. మూత్రం లీక్ కోసమే చేసిన ప్యాడ్లు వేరే ఉంటాయి, లోపల జెల్ అయ్యే పొడి ఉంటుంది, తడిని లోపలికి లాగేసుకుని పైన పొడిగా ఉంచుతాయి. మా పక్క మెడికల్ షాపులో అడిగితే "పేషెంటుకు ఎన్నేళ్లమ్మా?" అని అడిగి ముసలివాళ్ల ప్యాంటు డైపర్ల పెద్ద ప్యాకెట్ తీసి బల్లమీద పెట్టాడు, అందరి ముందూ. మా అత్తమ్మకు అని చెప్పి తెచ్చుకున్నా. పాపం ఆమె పేరు వాడుకున్నందుకు తర్వాత నాకు భలే బుద్ధి వచ్చింది, అది కూడా చెప్తాను.

తర్వాత ఒక డాక్టరు దగ్గరికి వెళ్లా. మూడు నిమిషాలు. యూరిన్ ఆగట్లేదా అమ్మా అని అడిగి బ్లాడర్‌ను శాంతపరిచే మాత్రలు రాసిచ్చారు. ఆ మాత్రలు అసలు వేరే రకానికి. ఉన్నట్టుండి ఆపుకోలేనంత అర్జెంటుగా వచ్చి, బాత్రూం చేరేలోపే పడిపోతుంది చూడండి, దాన్ని అర్జ్ రకం అంటారు, ఆ మందులు దానికి పనిచేస్తాయి. తుమ్మితే పడే నా రకానికి వాటితో పనిలేదు. తుమ్మినప్పుడు పడుతోందా, అర్జెంటుగా వచ్చి పడుతోందా అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. నెల రోజులు వాడితే నోరు ఎండిపోయింది, మలబద్ధకం పట్టుకుంది, ముక్కీ ముక్కీ లీకు ఇంకొంచెం ఎక్కువైంది.

ఆ తర్వాత హైదరాబాద్‌లో మా కజిన్ చెప్పిందని ఒక లేజర్ చోటుకు. సోఫాలు, ఏసీ, గ్రీన్ టీ. మూడు సిట్టింగుల ప్యాకేజీ అన్నారు, వాళ్లు చెప్పిన మొత్తానికి మా చిన్నోడి ఏడాది ఫీజు వచ్చేస్తుంది. ఈరోజే కడితే డిస్కౌంట్ అనగానే లెక్కల టీచర్ని కదా, లేచి వచ్చేశా. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఇలాంటి లేజర్ పరికరాలను మూత్రం లీకులకూ యోనిని బిగుతు చేయడానికీ అంటూ అమ్మడం మీద, మందులనూ వైద్య పరికరాలనూ చూసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూలైలోనే హెచ్చరిక ఇచ్చింది, వీటి భద్రత గానీ ఫలితం గానీ రుజువు కాలేదని, కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి రావచ్చని. గ్రీన్ టీ మాత్రం బాగుంది.

ఇక చుట్టాల వైద్యం సరేసరి. "గర్భసంచి తీయించుకో, అన్నీ పోతాయి" అని మా పెద్దమ్మ కూతురు. మన దగ్గర ఇది అన్ని రోగాలకూ ఒకే మందు అయిపోయింది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో ఆంధ్ర, తెలంగాణలే దేశంలో ముందున్నాయి. మూత్రం లీకుకూ దానికీ సంబంధం ఉందా అని తర్వాత గైనకాలజిస్టును అడిగితే, దీనికోసం తీయాల్సిన పనే లేదమ్మా, తీస్తే లీకు ఆగదు సరికదా కొందరిలో పెరుగుతుంది కూడా అన్నారు.

చివరిగా యూట్యూబ్. కెగెల్ వ్యాయామాలు, అంటే ఆ కింది కండరాలను బిగించి వదలడం. ఎనిమిది నెలలు చేశా, లెక్క తప్పకుండా, రోజూ పొద్దున వంద. గీత కూడా గీసుకునేదాన్ని క్యాలెండర్ మీద. చుక్క తేడా లేదు. అవి పనిచేయవు అని మా కొలీగ్స్‌కు నేనే ప్రచారం చేశా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా, ఎందుకో వినండి.

గైనకాలజిస్టు దగ్గర మొదట మూత్ర పరీక్ష చేయించి ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకున్నారు. స్కానింగ్‌లో మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో చూశారు. తర్వాత బ్లాడర్ నిండుగా ఉండగా నిలబెట్టి దగ్గమన్నారు. దగ్గితే పడింది. సిగ్గుతో చచ్చిపోయాననుకున్నా, ఆమె మాత్రం గుడ్ అని నోట్ చేసుకున్నారు, దగ్గిన క్షణంలోనే పడింది కాబట్టి రకం ఖాయమైందట. ముందు ఫిజియోథెరపీ, కనీసం మూడు నెలలు, దగ్గరుండి నేర్పించేవాళ్ల దగ్గర, ఆపరేషన్ మాట ఆ తర్వాతే అన్నారు. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ చెప్పేదీ ఇదే, రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపులు, మూడు నెలలకు తక్కువ కాకుండా, నేర్పేవాళ్ల పర్యవేక్షణలో. చివరి మాటే అసలు మాట అని నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇక క్లినిక్. మొదటి రోజు ఫీజు 800, తర్వాత సిట్టింగ్‌కు 500. నావి పన్నెండు సిట్టింగులు అయ్యాయి, మొత్తం 6,800, ఆటోలు వేరే. నా ఇన్సూరెన్స్ పాలసీలో ఓపీకి రూపాయి రాదు. ముందు మూడు రోజుల డైరీ రాసి తీసుకురమ్మన్నారు. ఎప్పుడు ఎంత తాగాను, ఎప్పుడు ఎంత పోశాను (ఒక పాత ప్లాస్టిక్ కొలత గ్లాసు దీనికి బలైపోయింది), ఎప్పుడు, ఏం చేస్తుంటే లీక్ అయ్యింది. రాసుకుంటూ పోతే నాకే కళ్లు తెరుచుకున్నాయి. నీళ్లు ఒక్క గ్లాసు, టీలు మాత్రం ఐదు. స్టాఫ్‌రూం టీ లెక్కలోకి రాదనుకున్నా ఇన్నాళ్లూ.

ఫిజియోథెరపిస్టు ఆడమనిషే, మా అమ్మాయి కంటే ఏడెనిమిదేళ్లు పెద్దదేమో. మొదటిరోజు నలభై నిమిషాలు ప్రశ్నలే. డెలివరీలు, మలబద్ధకం, దగ్గు, ఎత్తే బరువులు, ఆఖరికి దేనికోసం తగ్గాలనుకుంటున్నారు మేడం అని. ఆ ప్రశ్న ఇంతకు ముందు ఎవరూ అడగలేదు. ఏం చెప్పాలో తోచక బతుకమ్మ అన్నా. ఆమె నవ్వకుండా రాసుకుంది.

తర్వాత పరీక్ష. దీనికే చాలామంది వెళ్లరు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా. గది తలుపు గడియ పెట్టింది, ఏం చేయబోతోందో ముందే చెప్పింది, వద్దంటే వద్దు, పైనుంచి స్కానుతో కూడా చూడొచ్చు అంది. నేను ఒప్పుకున్నా. గ్లౌజు వేసుకున్న ఒక వేలితో, బిగించండి అంది. బిగించా, ఎనిమిది నెలల అనుభవం కదా. "మేడం, మీరు బిగించట్లేదు, కిందికి తోస్తున్నారు" అంది.

నమ్మలేదు. అప్పుడు పొట్టమీద జెల్ రాసి స్కాన్ పెట్టి స్క్రీన్ నావైపు తిప్పింది. నల్లగా నీళ్లతిత్తిలా కనిపించేది బ్లాడర్, దాని కింద తెల్లటి గీత కండరాలు. మీ పద్ధతిలో చేయండి అంది. చేశా. ఆ నల్ల సంచి నా కళ్లముందే కిందికి జారింది. అంటే ఎనిమిది నెలల పాటు రోజూ వందసార్లు, శ్రద్ధగా, క్యాలెండర్ మీద గీతలు గీసుకుంటూ మరీ, లీకు అయ్యే దిక్కుకే తోసుకుంటున్నానన్నమాట. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆమె టిష్యూ ఇచ్చి, చాలామంది ఇలాగే చేస్తారు మేడం, మీరొక్కరే కాదు అంది.

తర్వాత నేర్పిన పద్ధతి ఇది. ముందు గ్యాస్ బయటికి పోకుండా ఆపుకున్నట్టు వెనక నుంచి బిగించాలి, అదే బిగింపును ముందుకు, పైకి, మూత్రం ఆపుకుంటున్నట్టు లాగాలి. పొట్ట గట్టిపడకూడదు, పిరుదులు కదలకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. నేను ఊపిరి బిగపడుతున్నానని కనిపెట్టి బిగించి ఉన్నంతసేపూ ఎక్కాలు చదవమంది. లెక్కల టీచర్ని అని తెలిసే అన్నదో ఏమో. నిజంగా మూత్రం పోసేటప్పుడు మాత్రం మధ్యలో ఆపి ప్రాక్టీసు చేయొద్దంది, అలా అలవాటైతే బ్లాడర్ పూర్తిగా ఖాళీ కాదట. ఏడో ఎక్కం చదువుతూ మూడోసారో నాలుగోసారో ప్రయత్నిస్తే స్క్రీన్ మీద ఆ నల్ల సంచి ఇంతే, గోరంత, పైకి లేచింది. అబ్బ, అదీ అంది ఆమె. నా ఎనిమిది వందలు ఆ గోరంతకే చెల్లిపోయాయి అనుకున్నా.

ఇంటికొచ్చి చదివితే ఇంకో విషయం తెలిసింది. ఈ వ్యాయామానికి పేరిచ్చిన ఆర్నాల్డ్ కెగెల్ అమెరికా గైనకాలజిస్టు, 1948లో దీని గురించి రాశాడు. ఆయన అప్పుడే పెరినియోమీటర్ అని ఒక పరికరం కూడా తయారుచేశాడు, లోపల పెట్టుకుని బిగిస్తే ఎంత గట్టిగా బిగించారో ముల్లు కదిలి చూపిస్తుంది. అంటే ఆయన ఊరికే బిగించుకోండమ్మా అని పంపేయలేదు, సరైన కండరం బిగిస్తున్నారో లేదో తెలియాలి అని మొదటిరోజే అనుకున్నాడు. మనదాకా వచ్చేసరికి కొలత జారిపోయి రీలు మిగిలింది.

ఈ కండరాల సంగతి ఆమె చెప్పిన తీరు నాకు నచ్చింది. ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా చీర ఊయల కట్టినట్టు ఉంటాయట, బ్లాడర్, గర్భసంచి, పేగు మూడూ దానిమీదే కూర్చుంటాయి. నీళ్ల పైపును కాలితో తొక్కితే నీళ్లు ఆగుతాయి కదా, కానీ కింద నేల గట్టిగా ఉంటేనే, బురదలో పెట్టి తొక్కితే పైపు దిగబడుతుంది తప్ప ధార ఆగదు, మీకు కింద బురద అయ్యింది మేడం, నేల గట్టి చేద్దాం అంది.

నా బలం సున్నా నుంచి ఐదు దాకా ఉండే ఆక్స్‌ఫర్డ్ స్కేలు మీద రెండు అని రాసింది. పరీక్షలో నలభై మార్కులన్నమాట, పాస్ అయితే అయ్యాను. హోంవర్కు: రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ నెమ్మదిగా బిగించి పట్టుకునేవి పది, టక్కున బిగించి వదిలేవి పది. నేను మొదట్లో మూడు సెకన్లకు మించి పట్టుకోలేకపోయా, వారానికొక సెకను పెంచుతూ పది దాకా రావాలంది. మొదట పడుకుని, తర్వాత కూర్చుని, ఆ తర్వాత నిలబడి. దీంతోపాటు ఒక చిట్కా: తుమ్మో దగ్గో రాబోతోందని తెలియగానే, బరువెత్తే ముందు, ఒక్క క్షణం ముందుగా బిగించేసి అప్పుడు తుమ్మడం. ఇది చిట్కాలా అనిపిస్తుంది గానీ దీన్ని విడిగా పరీక్షించి చూశారు కూడా, సరిగ్గా నేర్చుకున్న ఆడవాళ్లలో వారంలోపే దగ్గితే పడేది బాగా తగ్గిందట. నాకు మాత్రం వారంలో రాలేదు. తుమ్ము ముందా బిగింపు ముందా అని తికమకపడేలోపు తుమ్ము వచ్చేసేది.

బరువు కూడా చూసింది. 74 కిలోలు. నీ ఒళ్లు నువ్వు తగ్గించుకో అన్న ధోరణి లేదు, 2009లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన గురించి చెప్పింది, బరువు ఎక్కువున్న ఆడవాళ్లు ఆరు నెలల్లో ఎనిమిది శాతం తగ్గితే వారంలో లీకులు సగానికి దగ్గరగా తగ్గాయని. నా లెక్కలో అది ఆరు కిలోలు. నాలుగు తగ్గా, మిగతా రెండు ఇంకా నాతోనే ఉన్నాయి, దసరా ముందుంది కాబట్టి ఉంటాయి కూడా. నీళ్లు మానొద్దంది, మానితే మూత్రం చిక్కబడి బ్లాడర్‌ను గెలుకుతుంది, రోజంతా కొంచెం కొంచెంగా ఒకటిన్నర, రెండు లీటర్లు తాగి టీలు తగ్గించమంది. మలబద్ధకానికి పాదాల కింద చిన్న పీట వేసుకుని కూర్చోమంది. పీట బాగా పనిచేసింది, మా ఇంట్లో అందరూ వాడుతున్నారు, ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు.

ఫలితం ఎప్పుడు వచ్చిందంటారా, ఆరు వారాల దాకా ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. ఆరోవారం మానేద్దామనుకున్నా, ఇంట్లో కూడా "ఏందే, ఇంకెన్ని రోజులు తిరుగుతవ్" అన్నారు. ఏడోవారంలో టెన్త్ బి క్లాసులో బోర్డు తుడుస్తుంటే దుమ్ము లేచి తుమ్మొచ్చింది, ఆలోచించకుండానే బిగించేశా, తుమ్మా, ఆగి చూసుకున్నా. పొడిగా ఉంది. ఇంకో తుమ్ము. పొడిగానే ఉంది. డస్టర్ చేతిలో పట్టుకుని వెర్రిదానిలా నవ్వుతుంటే పిల్లలు ఏమైంది మేడం అన్నారు, సమాధానం వచ్చింది అని బోర్డు చూపించా.

మూడు నెలలకు స్కేలు మీద నాలుగు వచ్చింది. రోజుకు మూడు ప్యాడ్లు మార్చేదాన్ని, ఇప్పుడు జలుబు చేసినప్పుడు మాత్రం ఒక పల్చటిది పెట్టుకుంటా. పూర్తిగా పోయిందని చెప్పను. స్పోర్ట్స్ డే నాడు టీచర్ల పరుగుపందెంలో పిల్లలు లాక్కెళ్తే సగం దూరంలో తెలిసొచ్చింది, ఎగరడం, పరిగెత్తడం నాకింకా కష్టమే. ఆమె కూడా మొదటిరోజే చెప్పింది, నూటికి నూరు ఇస్తానని చెప్పను, మానేస్తే మళ్లీ మొదటికి వస్తుంది అని. పళ్లు తోముకున్నట్టు రోజూ చేసుకోవాల్సిందే. నేను క్లాసులో అటెండెన్స్ తీసుకునేటప్పుడు చేస్తా, నలభై రెండు పేర్లు, సరిగ్గా సరిపోతుంది.

నచ్చనివి కూడా రాయాలి కదా. రిసెప్షన్‌లో కుర్రాడు హాలంతా వినిపించేట్టు "ప్రాబ్లం ఏంటి మేడం?" అన్నాడు, పక్కన మోకాళ్లు, మెడలు పట్టేసిన మగవాళ్లు ఆరుగురు కూర్చున్నారు. నడుం నొప్పి అని రాయించా. లోపల ఫిజియోథెరపిస్టు నవ్వి అది కొట్టేసి రాసుకుంది. వ్యాయామాల కాగితం మొత్తం ఇంగ్లిషులో ఉంది, నేను చదువుకున్నా, నా తర్వాత కూర్చున్న బీడీలు చుట్టే ఆమెకు మాత్రం నేనే తెలుగులో రాసిచ్చా. అపాయింట్‌మెంట్ ఐదింటికి అంటే ఐదూ నలభైకి పిలుస్తారు. ఇక తాళంచెవి. మూత్రం ఆగనివాళ్లకు వైద్యం చేసే చోట బాత్రూంకు తాళం వేసి, ఆ తాళంచెవి కింద వాచ్‌మన్ దగ్గర పెట్టారు, క్లినిక్ మొదటి అంతస్తులో, లిఫ్ట్ లేదు. మెట్లు దిగడమే నాకు లీకు. మూడోసారి దిగినప్పుడు వాచ్‌మన్‌తోనే గొడవపడ్డా, పాపం అతని తప్పేం ఉంది. ఐదో స్టార్ అక్కడే పోయింది.

దీంతో అందరికీ అయిపోతుందని చెప్పట్లేదు. మా వదినకు నాకంటే ఎక్కువ, వంగి ముగ్గు వేస్తే ధారగా పడేది, ఆమె ఇవే వ్యాయామాలు సరిగ్గా నేర్చుకుని ఐదు నెలలు చేసింది, కొంచెమే తగ్గింది. ఆమె చివరికి టేపు ఆపరేషన్ చేయించుకుంది. మూత్రనాళం కింద సన్నటి మెష్ (వలలాంటి ప్లాస్టిక్) పట్టీ ఊయలలా పెడతారు, 1990లలో స్వీడన్‌లో ఉల్మ్‌స్టెన్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి. ఆమె హాయిగా ఉంది. కానీ ఇదే మెష్ మీద బ్రిటన్‌లో చాలామంది ఆడవాళ్లు నొప్పులతో పోరాడితే 2018 జూలైలో అక్కడ దాని వాడకాన్ని ఆపి ఉంచారు, కాబట్టి సంతకం పెట్టేముందు మెష్ పెడుతున్నారా, మన సొంత కండరపు పొర తీసి పెట్టే పద్ధతి ఉందా, నాళం చుట్టూ ఇంజెక్షన్ ఇచ్చేది ఉందా, ఇబ్బందైతే తీయగలరా అని అడగాలి. మా వదిన ఇవన్నీ రాసుకెళ్లి అడిగింది, డాక్టరు విసుక్కోకుండా గంటసేపు చెప్పారు. విసుక్కుంటే వేరే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్రంలో రక్తం కనిపించినా, మంట ఉన్నా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నా ఫిజియోథెరపీ దాకా ఆగకండి, ముందు డాక్టరుకు చూపించుకోండి.

అత్తమ్మ సంగతి చెప్తా అన్నా కదా. డైపర్లు ఆమె పేరు చెప్పి తెచ్చానని చిన్నోడు ఎలాగో వినేసి ఆమెకు చేరవేశాడు. తిడుతుందనుకున్నా. రాత్రి అన్నాలయ్యాక నన్ను పిలిచి ట్రంకుపెట్టె తెరిచి చూపించింది. అడుగున, మెత్తటి పాత చీరల ముక్కలు, నాలుగు మడతలు వేసి కుట్టినవి, ఒక కట్ట. "నాకు ఎన్నో ఏండ్ల సంది ఉన్నదే" అంది. మా ఆయన పుట్టినప్పటి నుంచీ. ఆ ముక్కలు ఉతికి బాత్రూం వెనక ఎవరికీ కనపడకుండా ఆరేసుకుంటుందట, నేను ఆ ఇంట్లోకి వచ్చి పంతొమ్మిదేళ్లు, ఒక్కసారి కూడా చూడలేదు. పెళ్లిళ్లకు రానంటే ముసలితనం అనుకునేవాళ్లం. 68 ఏళ్ల వయసులో ఇక ఇప్పుడు నాకెందుకే అంది, తీసుకెళ్లా. వయసు అడ్డమేం కాదని ఫిజియోథెరపిస్టు చెప్పింది. ఇప్పుడు ఆమె సీరియల్లో యాడ్స్ వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని కూర్చుంటుంది, చిన్నోడు నానమ్మ జపం చేస్తోంది అని సౌండ్ తగ్గిస్తాడు. ఆమె ముక్కలు రోజుకు ఆరు నుంచి రెండుకు వచ్చాయి.

వెళ్లాలనుకుంటే ఫోన్లో ముందే ఒక్క మాట అడగండి, మొదటిరోజు పరీక్ష చేసి చూస్తారా, లేక కాగితం చేతికిచ్చి పంపిస్తారా అని. కాగితం ఒక్కటే ఇచ్చే చోటైతే ఆటో ఖర్చు కూడా దండగ, దానికి యూట్యూబ్ ఫ్రీగా ఉంది, అది నన్ను ఎంత దూరం తీసుకెళ్లిందో చెప్పాను కదా. ఒకవేళ మీరు వెళ్లేది నేను వెళ్లిన చోటే అయితే, ఈ మధ్య తాళంచెవి రిసెప్షన్ బల్లమీద కొక్కేనికి తగిలించి ఉంటోందట, మా సైన్స్ టీచర్ వెళ్లొచ్చి చెప్పింది. అయినా ఆ స్టార్ తిరిగివ్వను, అపాయింట్‌మెంట్ ఇంకా నలభై నిమిషాలు లేటేనట.